పెద్దమ్మ చూపుడువేలు

మా పెద్దమ్మ ఇంట్లో మాటలన్నీ చేతులతోనే నడిచేవి. పెద్దమ్మ కూతురైన మా అక్కకు రెండేళ్లప్పుడు మెదడువాపు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ వినికిడి పోయింది. చెవిటి పిల్లల బడిలో చేర్చుకునే వయసు వచ్చేదాకా ఆగే ఓపిక పెద్దమ్మకు లేదు. పిల్లకు భాషను తనే తయారుచేసింది.

పాలంటే పిడికిలి నొక్కి వదలడం. వానంటే వేళ్లను పైనుంచి కిందికి రాల్చడం. నాన్న అంటే స్టీరింగు తిప్పడం, పెదనాన్న బస్సు డ్రైవరు కాబట్టి. పంటినొప్పికి బొటనవేలితో చెంప నొక్కుకోవాలి. ‘నేను చెప్పేదాకా అక్కణ్ణించి కదిలావంటే చూడు’ అన్నంత పొడుగు మాటను కూడా ఆవిడ ఒక్క చూపుడువేలు ఆడించి చెప్పేసేది. అన్నిట్లోకీ అందమైనది అక్క పేరు. చూపుడువేలి కొసను చెంపకు ఆనించి మెల్లగా తిప్పాలి. నవ్వితే అక్కకు అక్కడ సొట్ట పడుతుంది.

మా అమ్మ ఉద్యోగానికి వెళ్తూ నన్ను వాళ్లింట్లో వదిలేది కాబట్టి నాకూ ఆ భాష వచ్చేసింది. రానిది పెదనాన్నకే. తిను, పడుకో, వద్దు, బాగుంది. అంతకు మించి ఏం చెప్పాలన్నా ‘దానికి చెప్పవే’ అని పెద్దమ్మ వైపు తిరిగేవాడు. అక్క ఏదైనా చెబితే ‘ఏమంటోందే?’ అనేవాడు. తల్లీ కూతుళ్లు చేతులు తిప్పుకుంటూ పకపకా నవ్వుతుంటే, ‘ఈ ఇంట్లో చెవిటివాణ్ణి నేనొక్కణ్ణే’ అని ఉడుక్కునేవాడు.

పెద్దమ్మ ఒక పెద్ద హోటలు లాండ్రీలో పనిచేసేది. నేలకింద గది, ఎప్పుడూ ఆవిరి, మిషన్ల హోరు. ఇద్దరిద్దరు ఎదురెదురుగా నిలబడి వేడివేడి దుప్పట్లను సాగదీసి మడతపెట్టాలి. ఆ హోరులో ఒకరి మాట ఒకరికి వినిపించదు. పెద్దమ్మ తోటివాళ్లకు తన సైగలు నేర్పేసింది. సూపర్‌వైజరు పక్కనే నిలబడి ఉండగా అతని బట్టతల గురించి, అతని రెండో పెళ్లి గురించి దుప్పటి మడతల మధ్య నుంచి కబుర్లు సాగిపోయేవి. ‘మీవాళ్లు భలే బుద్ధిమంతులమ్మా, ఒక్కరూ నోరు మెదపరు’ అని అతను ఒకసారి మెచ్చుకున్నాడట. ఆ మాట చెప్పి పెద్దమ్మ కళ్లనీళ్లు పెట్టుకుని మరీ నవ్వేది.

యాభై దాటాక ఆవిడకు బీపీ వచ్చింది. డాక్టరు రాసిన మాత్రల్లో ఒంట్లో నీటిని బయటికి పంపేది ఒకటి. ఆ మాత్రకూ వేళ్లకూ సంబంధం ఉంటుందని అప్పట్లో మాలో ఎవరికీ తోచలేదు. ముందొకసారి కాలి బొటనవేలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి పెట్టి, వారంలో దానంతటదే తగ్గిపోయింది. ఎక్కడో తట్టుకుని ఉంటానంది. తర్వాత చేతివేళ్ల కణుపుల దగ్గర చిన్న చిన్న బొడిపెలు లేచాయి. వయసుతో వచ్చే కీళ్లవాతమన్నారు. వేణ్ణీళ్లలో చేతులు పెట్టుకుంటూ, నొప్పి మాత్రలు మింగుతూ పనికి వెళ్లేది.

ఒక వేసవిలో కుడిచేతి చూపుడువేలు పొంగింది. మధ్య కణుపు దగ్గర చర్మం నిగనిగలాడుతూ బిగుసుకుపోయి చివరికి చిట్లింది. లోపలినుంచి చీముతోపాటు తెల్లగా, తడి సున్నంలాంటిది వచ్చింది.

సర్జన్ చెడ్డవాడు కాదు. ఈ మాట ముందే చెప్పాలి. అతను ఎక్స్‌రే తీయించాడు. ఎముక అంచు ఎలక కొరికినట్టుగా ఉంది. చీమును ల్యాబుకు పంపితే అందులో క్రిములు పెరిగాయి. యూరిక్ యాసిడ్ స్ఫటికాలై కీళ్లలో పేరుకునే గౌట్ జబ్బేమోనని రక్తంలో దాని లెక్క కూడా పరీక్ష చేయించాడు. అది మామూలుగానే ఉంది. నొప్పి ఉధృతంగా ఉన్న రోజుల్లో రక్తంలో ఆ లెక్క ఒక్కోసారి మామూలుగా కనబడి మోసం చేస్తుందని నేను చాలాకాలం తర్వాత తెలుసుకున్నాను. ఆయనకు మాత్రం ఆ రోజు దారులన్నీ ఒకవైపే చూపించాయి. మందులు ఎక్కించారు. పుండు మానలేదు.

‘ఎముకకు చీము పట్టిందమ్మా. అరచేతిలోకి దిగిందంటే చెయ్యే పోతుంది,’ అన్నాడు. ‘వేలు తీసేయాలి.’

‘సగం ఉంచగలరా?’ అని అడిగింది పెద్దమ్మ.

‘ఉంచితే మళ్లీ కోయాల్సొస్తుంది.’

‘అయితే మొదలంటానా?’

‘మొదలంటానే.’

పెద్దమ్మ లేచి బయటికి వచ్చింది. బయట వరండాలో బెంచీ మీద అక్క కూర్చుని ఉంది. అప్పటికి అక్క కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పనిలో కుదురుకుంది. మధ్యాహ్నం సెలవు పెట్టి వచ్చింది. ముంజేతుల మీద ఇంకా అద్దాల పొడి ఉంది. పెద్దమ్మ ఆమె ఎదురుగా నిలబడి, కట్టుకట్టిన చేత్తోనే మెల్లగా చెప్పింది. ఈ వేలు తీసేస్తారట. అక్క నవ్వింది, ఆటపట్టిస్తోందనుకుని. తర్వాత తల్లి ముఖం చూసింది. చుట్టూ రోగులు, నర్సులు తిరుగుతుండగా వాళ్లిద్దరూ చప్పుడు లేకుండా చాలాసేపు వాదించుకున్నారు. ఇంకో డాక్టరుకు చూపిద్దామని అక్క, ఆలస్యమైతే చెయ్యే పోతుందని పెద్దమ్మ. చివరికి అక్క ఒకటే అడిగింది. ‘నన్నెలా పిలుస్తావు?’

‘ఇంకా నాలుగున్నాయిగా,’ అంది పెద్దమ్మ.

వేలు తీసేశారు. తీసిన వేలిని మందునీళ్ల సీసాలో వేసి పరీక్షకు పంపారు. చచ్చిపోయిన ఎముక, వాపు ఉన్నాయి, క్యాన్సర్ లేదని తేలింది. మేమంతా ఊపిరి పీల్చుకున్నాం. యూరిక్ యాసిడ్ స్ఫటికాలు ఆ మందునీళ్లలోనే కరిగిపోతాయని, ఆ తర్వాత ఎంత వెతికినా కనిపించకపోవచ్చని అప్పుడు నాకు తెలియదు. నేనింకా స్కానింగ్ కోర్సులో చేరిన కొత్త.

పుండు చక్కగానే మానింది. మాట మాత్రం పాడైంది. మిగిలిన వేళ్లూ, ఎడమచేతివి కూడా, బొడిపెలతో బిగుసుకుపోయి ఉండేవి. చూపుడువేలితో చేసేవన్నీ మధ్యవేలితో చేయబోతే పక్కవేలు కూడా లేచొచ్చి అర్థం మారిపోయేది. ‘రేపు’ అంటే ‘ఇద్దరు’ అయ్యేది. మధ్యవేలు చెంప దాకా వంగక, పెద్దమ్మ అక్కను బొటనవేలితో పిలవడం మొదలుపెట్టింది. అది పంటినొప్పి సైగ. ‘నేను నీకు పంటినొప్పినా?’ అని అక్క మొదట్లో నవ్వింది. నెలలు గడిచేకొద్దీ నవ్వడం మానేసింది. తల్లి ఏదో చెబుతుంటే సగంలో తల తిప్పేసుకునేది. చెవులున్న మనకైతే ఇష్టం లేని మాట కూడా చెవిన పడుతూనే ఉంటుంది. అక్క కళ్లు తిప్పుకుందంటే తలుపు వేసేసినట్టే.

‘అమ్మకు నత్తి వచ్చింది,’ అని నాతో ఒకరోజు చెప్పింది. ‘నాకు విసుగొస్తోంది. విసుగొస్తున్నందుకు నామీద నాకే అసహ్యమేస్తోంది.’

లాండ్రీలో దుప్పట్లు పట్టలేక పెద్దమ్మను తువ్వాళ్లు సర్దే మూలకు మార్చారు. అక్కడ ఎదురుగా ఎవరూ ఉండరు. కొన్నాళ్లకు తనే మానేసింది. అక్క సెలవు రోజుల్లో చెవిటివాళ్ల సంఘానికి వెళ్లి, బడిలో నేర్పే సైగల భాషలో స్నేహితులతో గడిపేది. ఆ భాష పెద్దమ్మకు రాదు.

ఆ రోజుల్లోనే పెదనాన్న ఒక పని చేశాడు. బస్సు ఉద్యోగం నుంచి అప్పుడే రిటైరయ్యాడు. ఆదివారం పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా చెవిటి పిల్లల బడికి వెళ్లేవాడు. చిన్నపిల్లల తల్లుల కోసం అక్కడ క్లాసు పెడతారు. ఆ పడుచు తల్లుల మధ్య చిన్న కుర్చీలో మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుని ఈయన. స్టీరింగు పట్టి పట్టి మొద్దుబారిన వేళ్లు ఎటు వంచితే ఎటో పోయేవి. ‘ఈ వయసులో ఇదేం పిచ్చి?’ అని మా అమ్మ అడిగితే, ‘మా ఆవిడ చెయ్యి అలిసిపోతోంది,’ అన్నాడు.

మూడో ఏడు ఎడమచేతి చూపుడువేలు వాచింది. అదే ఎరుపు, అదే నిగనిగ. పెద్దమ్మ ఎవరికీ చెప్పకుండా కొంగు కింద దాచుకుంది. ఆ చేతిని అలా దాచిందంటే ఇంట్లో మాటలు ఆగిపోయినట్టే కదా, పెదనాన్నే కనిపెట్టాడు. నాకు ఫోన్ చేశాడు. ‘ఇంకోటి,’ అన్నాడంతే.

అప్పటికి నేను ఒక పెద్ద ఆసుపత్రిలో సీటీ స్కాన్ గదిలో పనిచేస్తున్నాను. అక్కడ కీళ్ల జబ్బులు చూసే డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్లాను. ఆవిడ పెద్దమ్మ రెండు చేతులూ తన అరచేతుల్లోకి తీసుకుని ఒక్కో బొడిపెనూ తడిమింది. కాళ్లు చూసింది. వాడే మాత్రలన్నీ అడిగింది. కోసిన చోటును చాలాసేపు చూసింది.

‘దీనిలోంచి సూదితో తీసి చూడొచ్చు. కానీ ఇంత వాపులో, ఈ చేతిని ఇప్పుడే పొడవాలని లేదు,’ అంది. ‘ముందు డ్యూయల్ ఎనర్జీ స్కాన్ చేద్దాం.’

ఆ మిషను మా గదిలోకి వచ్చి ఏడాది కూడా కాలేదు. మామూలు స్కాన్‌లో ఎముకా తెల్లగానే ఉంటుంది, కాల్షియం పేరుకున్నదీ తెల్లగానే ఉంటుంది, ఇంకేదైనా గట్టిపడ్డా ఇంచుమించు అలాగే కనబడుతుంది. ఈ మిషను ఒకే చోటును రెండు శక్తుల కిరణాలతో చూస్తుంది, ఒకటి బలహీనమైనది, ఇంకొకటి బలమైనది. కాల్షియం బలహీనమైన కిరణాన్ని గట్టిగా అడ్డుకుంటుంది, బలమైనదాన్ని అంతగా ఆపలేదు. యూరిక్ యాసిడ్ దగ్గర ఆ రెంటికీ తేడా చాలా తక్కువ. ఆ తేడాను బట్టి కంప్యూటరు రంగులు వేస్తుంది. మా దగ్గర కాల్షియానికి నీలం, యూరిక్ యాసిడ్‌కు ఆకుపచ్చ. గోళ్ల దగ్గర, కాయకాచిన చర్మం దగ్గర ఒక్కోసారి ఉత్తుత్తి పచ్చదనం మెరుస్తుంది. దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు.

పెద్దమ్మను బోర్లా పడుకోబెట్టి రెండు చేతులూ తలముందుకు చాపించాను. వేళ్లు విడివిడిగా ఉంచి పట్టీ వేశాను. గాజు అద్దం ఇవతలికి వచ్చి బల్లను లోపలికి పంపాను. స్కాన్ నిమిషం కూడా పట్టలేదు. రంగులు పడటానికి ఇంకాస్త.

నీలం ఎముకల మీద ఆకుపచ్చ ముద్దలు. ఎడమ చూపుడువేలి కణుపు చుట్టూ, మిగతా వేళ్ల కణుపుల పక్కన, మణికట్టు దగ్గర. కాళ్లు కూడా తీశాను. బొటనవేళ్ల మొదళ్లలో, మడమ వెనక స్నాయువు వెంబడి పచ్చగా పాకి ఉంది. కుడిచేతి దగ్గరకొచ్చేసరికి నా చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది. వేలు లేని చోట, తెగిన ఎముక అంచున, గోరూ కాయా ఏమీ లేని చోట, చిన్న ఆకుపచ్చ ముద్ద ఒకటి మిగిలి ఉంది.

తలెత్తి చూశాను. పెద్దమ్మ అప్పటికే లేచి కూర్చుని అద్దంలోంచి నన్నే చూస్తోంది. జీవితమంతా ముఖాలు చదివిన మనిషి. అద్దంలోంచి మాట వినిపించదు గానీ ఆవిడకు దాంతో పనేముంది? నాలుగువేళ్ల చేతిని పైకెత్తి అడిగింది. ‘ఏముంది?’

ఫలితం చెప్పవలసింది డాక్టరు. మేం నోరు విప్పకూడదు. ఎవరైనా రోగి మైకులో అడిగితే ‘డాక్టరుగారు చెప్తారండీ’ అనడం నాకు అలవాటే. చేతులతో అబద్ధం ఆడటం మాత్రం నాకెప్పుడూ చేతకాలేదు. రెండు చేతులూ బల్లకింద పెట్టుకున్నాను. ఆవిడ ఇంకోసారి అడిగింది. తర్వాత అడగడం మానేసి, నెమ్మదిగా చెప్పులు వెతుక్కుంది.

రేడియాలజిస్టు చూశాక డాక్టరమ్మ మమ్మల్ని పిలిచింది. తెరను పెద్దమ్మ వైపు తిప్పింది.

‘ఇది గౌట్ అమ్మా. ఈ పచ్చగా ఉన్నదంతా యూరిక్ యాసిడ్. ఈ వేలు కోయక్కర్లేదు. మందులతో కరుగుతుంది. టైం పడుతుంది, అంతే.’

పెదనాన్న ముఖం వెలిగింది. పెద్దమ్మ మాత్రం తెర మీది కుడిచేతినే చూస్తోంది.

‘మరి ఆ వేలు?’

డాక్టరమ్మ తెర మీద ఆ చోటును పెద్దది చేసింది. ‘ఆ వేలు ఇప్పుడు మన దగ్గర లేదు. కచ్చితంగా ఇదీ అని చెప్పలేను. చిట్లిన చోట క్రిములు చేరాయన్నదీ నిజమే అయ్యుండొచ్చు. కానీ అసలు జబ్బు మాత్రం… చాలావరకు ఇదే అయ్యుంటుంది.’

‘అంటే కరిగేదన్నమాట,’ అంది పెద్దమ్మ.

డాక్టరమ్మ మందుల చీటీ రాసిచ్చింది.

ఇంటికొచ్చాక, ‘దానికి నేను చెప్పలేను. నా చేతులకు రావట్లేదు,’ అంది. ఆ సాయంత్రం అక్క పనినుంచి రాగానే పెదనాన్నే ఎదురెళ్లి నిలబడ్డాడు. ఆదివారాల్లో నేర్చుకున్నది చాలీచాలని భాష. ‘డాక్టరు. తప్పు. వేలు. కోయకూడదు. ముందుది కూడా.’ అంతే చెప్పగలిగాడు. అంతా అర్థమైపోయింది అక్కకు. తండ్రి తనతో నేరుగా చెప్పిన మొదటి పెద్ద మాట అదే. అక్క గదిలోకి వెళ్లి గోడవైపు తిరిగి కూర్చుంది. పెద్దమ్మ వెళ్లి భుజం మీద చెయ్యి వేసింది. తిరగలేదు. పెద్దమ్మ ముందుకొచ్చి నిలబడింది. అక్క కళ్లు మూసుకుంది.

తర్వాత నాకు చెప్పింది. ‘ఆ రోజు వరండాలో నేను ఇంకో డాక్టరుకు చూపిద్దామన్నాను. నా మాట ఎవరూ లెక్కచేయలేదు.’ తల్లిని కూడా కలిపే అంది ఆ మాట.

పెదనాన్న సర్జన్ మీద కేసు వేస్తానన్నాడు. పెద్దమ్మ ఒప్పుకోలేదు గానీ ఆ సర్జన్‌ను ఒకసారి చూడాలంది. నన్ను తోడు తీసుకెళ్లింది. సర్జన్ కొత్త చిత్రాలు చూశాడు. పాత ఎక్స్‌రే తెప్పించి వెలుగుపెట్టె మీద పెట్టాడు. కొరికినట్టున్న ఎముక అంచు పైకి కొక్కెంలా వంగి ఉంది, గౌట్ తినేసిన ఎముక తీరే అది. దాన్ని వేలితో చూపించి, తనలో తను అనుకుంటున్నట్టు, ‘ఇక్కడే ఉంది,’ అన్నాడు. మనిషి ఒక్కసారిగా ముసలివాడైపోయినట్టు కనిపించాడు.

‘అప్పుడు నాకు తోచింది చేశానమ్మా. ఇది తెలిసుంటే కోసేవాణ్ణి కాదు. క్షమించమని అడగడానికి కూడా నాకు నోరు రావడం లేదు.’

‘ఆ వేలితో నేనేం చేస్తానో మీరు అడగలేదు,’ అంది పెద్దమ్మ.

ఆయన తలెత్తాడు. ‘అడిగుంటే కోయకుండా ఉండేవాణ్ణా అమ్మా? అప్పుడు నాకు తెలిసినదాన్ని బట్టి…’

‘కోసేవారే. కానీ అడిగుంటే బాగుండేది.’

అప్పుడడిగాడు. ఆవిడ చెప్పలేదు. లేచి వచ్చేసింది.

మందులు మొదలుపెట్టిన కొత్తలో నొప్పులు మరీ ఎక్కువయ్యాయి. పేరుకున్నది కరిగేటప్పుడు అలా జరుగుతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. రక్తంలో యూరిక్ యాసిడ్‌ను పెంచేది అదేనని నీటి మాత్ర మార్చింది. ఏడాది తర్వాత మళ్లీ స్కాన్ చేస్తే పచ్చదనం సగానికి సగం తగ్గింది. మరుసటేడు ఎడమ చూపుడువేలి మీద చిన్న చుక్క మిగిలింది. బొడిపెలు దిగిపోయి వేళ్లు వంగసాగాయి. మేం సంతోషించాం. అక్క పనిచేసే దుకాణం వేరే ఊళ్లో పెద్ద షెడ్డు తెరిచి ఆమెను అక్కడికి పంపింది. అడిగి మరీ వేయించుకుందని నాకు తెలుసు. పెద్దమ్మకూ తెలిసే ఉంటుంది. వీడియో ఫోన్లలో మాట్లాడుకునేవారు. అక్క చేతులు ఇప్పుడు బడిభాషలో గబగబా కదిలేవి. పక్కన పెదనాన్న కూర్చుని, ‘షెడ్డులో ఎండగా ఉందట, తనకు కొత్త మిషను ఇచ్చారట,’ అని పెద్దమ్మకు అందించేవాడు. ఆవిడ తల ఊపేది.

చేతులు బాగుపడ్డాయి గానీ మూత్రపిండాలు అప్పటికే దెబ్బతిని ఉన్నాయి. అన్నేళ్ల బీపీ, గుప్పెళ్లకొద్దీ మింగిన నొప్పి మాత్రలు, ఈ యూరిక్ యాసిడ్, ఏది ఎంత చేసిందో విడదీసి చెప్పే మిషను మా దగ్గర లేదు. పోయిన చలికాలం డయాలసిస్ మొదలైంది. సూదులు ఎడమచేతికే పెడతారు. మిషను నడిచినంతసేపూ ఆ చేతిని కదపకూడదు.

ఆ సంగతి తెలిసి అక్క వచ్చింది. నేను డ్యూటీ దిగి వెళ్లేసరికి మంచానికి కుడివైపు స్టూలు లాక్కుని కూర్చుని ఉంది. వార్డులో మిషన్లు సన్నగా గుయ్‌మంటున్నాయి. పక్కమంచం ముసలాయన నిద్రపోతున్నాడు. పెద్దమ్మ ఎడమచెయ్యి గొట్టాలతో దిండుమీద పడి ఉంది. కుడిచేత్తో ఏదో చెబుతోంది. అక్కకు అర్థం కాలేదు. ముందుకు వంగి, మళ్లీ చెప్పమంది. పెద్దమ్మ మళ్లీ చెప్పింది. ఈసారీ అందలేదు. అక్క తల తిప్పుకోలేదు. తల్లి మణికట్టును కింద నుంచి ఆనించి పట్టుకుని, కళ్లు చిట్లించి, ఇంకోసారి చెప్పమంది.

నాకు అర్థమైంది. పెద్దమ్మ అడుగుతున్నది తిన్నావా అని, తర్వాత ఎవరింట్లో దిగావని, ఎన్నాళ్లుంటావని. అందిద్దామని చెయ్యెత్తబోయి ఆగిపోయాను.

మూడోసారికి అక్కకు తెలిసింది. ‘తిన్నాను,’ అంది. తర్వాతి మాటకు ఇంకా ఎక్కువసేపు పట్టింది.